కొత్త పాస్టర్ కోసం అన్వేషణ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రెస్బిటేరియన్ సంఘంలో పాస్టర్ స్థానం ఖాళీ అయినప్పుడు కొత్తవారిని ఎవరు వెదకుతారు, ఎవరు ఎన్నుకుంటారు, అందుకు అంతకాలం ఎందుకు పడుతుంది అని అడుగుతూ ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. రాసినవారిలో ఎక్కువమంది అమెరికాలోని ప్రెస్బిటేరియన్ చర్చ్ (యు.ఎస్.ఎ.) సభ్యులు కనుక, ఆ సంఘానికి నిబంధనల గ్రంథమైన ‘బుక్ ఆఫ్ ఆర్డర్’ను బట్టి జవాబులు చెబుతున్నాను. ఇతర ప్రెస్బిటేరియన్ సంఘాలలో పద్ధతి వేరుగా ఉన్నచోట ఆ సంగతి అక్కడే ప్రస్తావిస్తాను.

ప్రశ్న: మా పాస్టర్ గారు పదవీ విరమణ చేసి ఎనిమిది నెలలు దాటింది. ఇంతవరకు ఒక్క అభ్యర్థి పేరైనా వినబడలేదు. కమిటీవారిని అడిగితే ‘మిషన్ స్టడీ జరుగుతోంది’ అంటున్నారు. మాకు బాగా తెలిసిన మంచి ప్రసంగీకుడు ఒకరున్నారు. ఆయననే పిలుచుకుంటే సరిపోదా?

జవాబు: అలా కుదరదు. ప్రెస్బిటేరియన్ పద్ధతిలో పాస్టర్ రావాలంటే ముగ్గురి సమ్మతి కావాలి: పిలిచే సంఘం, పిలుపు అందుకునే సేవకుడు, ఆ ప్రాంతపు సంఘాలన్నింటి బాధ్యత వహించే ప్రెస్బిటరీ. ఈ ముగ్గురిలో ఎవరు కాదన్నా పిలుపు చెల్లదు. మెథడిస్టు సంఘాలలో పాస్టర్‌ను బిషప్ నియమించి పంపుతారు. బాప్టిస్టు సంఘాలలో స్థానిక సంఘం ఎవరి అనుమతీ లేకుండా తానే పిలుచుకుంటుంది. ప్రెస్బిటేరియన్లు ఈ రెండింటికీ నడుమ ఉన్నారు. ప్రెస్బిటరీ అనగానే పైఅధికారుల కార్యాలయం అనుకోకండి. అందులో పాస్టర్లతో పాటు సంఘాలు పంపిన పెద్దలు కూడా ఓటు హక్కుతో కూర్చుంటారు, మీ సంఘ పెద్దలు కూడా పొరుగు సంఘాల విషయంలో అక్కడ ఓటు వేస్తూనే ఉంటారు. చాలామందికి తెలియని సంగతి మరొకటి ఉంది. మీ పాస్టర్ సభ్యత్వం మీ సంఘంలో ఉండదు, ప్రెస్బిటరీలో ఉంటుంది. ఆయన వెళ్లిపోవడానికి కూడా ప్రెస్బిటరీ ఆమోదం అవసరమైనది అందుకే.

స్థానం ఖాళీ అయ్యాక జరిగే క్రమం ఇది. సంఘ పెద్దల సభ అయిన సెషన్‌కు మామూలుగా పాస్టరే మోడరేటర్ (సభాధ్యక్షుడు) కనుక, ఆయన లేని కాలానికి ప్రెస్బిటరీ మరొక మోడరేటర్‌ను ఏర్పాటు చేస్తుంది. ప్రెస్బిటరీ అనుమతి లభించాక సెషన్ సంఘ సభను పిలుస్తుంది, ఆ సభలో సభ్యులే పాస్టర్ నామినేటింగ్ కమిటీని ఎన్నుకుంటారు. ఆ కమిటీ సంఘమంతటికీ ప్రాతినిధ్యం వహించాలన్నది నియమం. సెషన్‌లో ఉన్న పెద్దలే తమలో తాము కూర్చుని కమిటీగా మారిపోతే ఆ నియమం నెరవేరదు. యువకులు, వృద్ధులు, కొత్తగా చేరినవారు, వంటగదిలోనూ ఆదివారపు బడిలోనూ పనిచేసేవారు కూడా అందులో ఉండాలి.

ఇక మీకు విసుగు తెప్పిస్తున్న మిషన్ స్టడీ సంగతి. నన్ను అడిగితే ఈ అన్వేషణ మొత్తంలో అన్నిటికన్నా విలువైన దశ ఇదే, సంఘాలు అన్నిటికన్నా అశ్రద్ధ చేసేదీ దీనినే. ఎలాంటి పాస్టర్ కావాలో చెప్పే ముందు తాము ఎలాంటి సంఘమో సభ్యులు నిజాయతీగా తెలుసుకోవాలన్నది దీని ఉద్దేశం. గత పదేళ్లలో ఆదివారం ఆరాధనకు వస్తున్నవారి సంఖ్య పెరిగిందా తగ్గిందా, కానుకలు ఎంతమంది ఇస్తున్నారు, వారిలో ఎంతమంది వృద్ధులు, బాప్తిస్మాలు ఎన్ని, సమాధి ఆరాధనలు ఎన్ని, బడ్జెట్‌లో భవనానికి పోయేదెంత, పరిచర్యకు మిగిలేదెంత, చుట్టుపక్కల ఎవరు నివసిస్తున్నారు, వారిలో ఎవరైనా గుమ్మం దాటి లోపలికి వస్తున్నారా అని లెక్కలు తీసి ముందుపెట్టుకోవాలి. ‘మాది యువ కుటుంబాలను ఆదరించే సంఘం’ అని కాగితం మీద రాసుకోవడం తేలిక. బడ్జెట్‌లో పిల్లల పరిచర్యకు కేటాయింపే లేనప్పుడు ఆ వాక్యాన్ని నమ్మి వచ్చిన పాస్టర్ మొదటి ఏడాదిలోనే నిరాశపడతారు, ఆయన యువకులను తీసుకురాలేదని సంఘమూ నిరాశపడుతుంది. రెండు పక్షాల మధ్య తరువాత తలెత్తే కలహాలలో చాలా వాటికి మూలం ఈ దశలో రాసుకున్న అందమైన అబద్ధమే.

ఆ అధ్యయనం ఆధారంగా కమిటీ సంఘ వివరపత్రం తయారు చేస్తుంది. సెషన్, ప్రెస్బిటరీ ఆమోదించాక అది ‘చర్చ్ లీడర్‌షిప్ కనెక్షన్’ అనే జాతీయ వ్యవస్థలో చేరుతుంది. పిలుపు కోసం చూస్తున్న సేవకులు కూడా తమ వివరపత్రాలను అక్కడే ఉంచుతారు. మీకు తెలిసిన ప్రసంగీకుడికి అర్హతలు ఉంటే ఆయన కూడా ఆ దారినే రావచ్చు. ఆయన పేరు కమిటీకి అందజేసే హక్కు మీకుంది. అర్హతలంటే మాత్రం వాక్చాతుర్యం ఒక్కటే కాదు. ఈ సంఘంలో అభిషేకం పొందేవారు సెమినరీ విద్య పూర్తి చేసి, గ్రీకు, హీబ్రూ భాషలు చదివి, బైబిల్ జ్ఞానం, వాక్య వ్యాఖ్యానం, వేదాంతం, ఆరాధన–సంస్కారాలు, సంఘ పరిపాలన అనే విషయాలలో పరీక్షలు రాసి, కనీసం రెండేళ్లు ప్రెస్బిటరీ పర్యవేక్షణలో గడపాలి. వేరే శాఖనుంచి వచ్చేవారిని ప్రెస్బిటరీ విడిగా పరీక్షిస్తుంది.

మొత్తం అన్వేషణకు ఏడాది, ఒక్కొక్కచోట రెండేళ్లు కూడా పట్టడం మామూలే. ఎనిమిది నెలలకు ఆందోళన పడనక్కరలేదు.

ప్రశ్న: నన్ను నామినేటింగ్ కమిటీకి ఎన్నుకున్నారు. ఇంట్లో మావారికి కూడా పేర్లు చెప్పకూడదంటున్నారు. స్నేహితులు ‘మాతో కూడా దాపరికమా’ అని నిష్ఠూరమాడుతున్నారు. అంతేకాక కమిటీలో కొందరు ‘పెళ్లయి చిన్నపిల్లలున్న మగవారే కావాలి’ అని పట్టుపడుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: మీవారికి కూడా చెప్పకండి. మీరు పరిశీలిస్తున్న అభ్యర్థులలో చాలామంది ఈ రోజున మరొక సంఘానికి పాస్టర్లుగా ఉన్నవారే. వారి పేరు బయటికి పొక్కితే, మీరు చివరికి వారిని పిలవకపోయినా, ‘మా పాస్టర్ వెళ్లిపోవాలని చూస్తున్నారట’ అన్న మాట ఆ సంఘానికి చేరుతుంది, ఆ తరువాత వారు అక్కడ చేసే ప్రతి పనీ అనుమానంగా కనిపిస్తుంది. పేర్లు దాచాలి గాని, పని ఎంతవరకు వచ్చిందో దాచనక్కరలేదు. వివరపత్రం పూర్తయిందని, ఇన్ని దరఖాస్తులు వచ్చాయని, ముఖాముఖి సంభాషణలు మొదలయ్యాయని నెలకొకసారి ఆరాధన తరువాత రెండు నిమిషాలు చెబితే మీ స్నేహితుల నిష్ఠూరం చాలావరకు తగ్గుతుంది. నెలల తరబడి ఒక్క మాటా చెప్పని కమిటీల గురించే వదంతులు పుడతాయి.

ప్రసంగం వినే విషయంలో కూడా ఈ గోప్యతే సమస్య. మీ కమిటీ అంతా కలిసి అభ్యర్థి పనిచేసే సంఘానికి ఒక ఆదివారం వెళ్లి ఒకే వరుసలో కూర్చుంటే, ఆరాధన ముగిసేలోగా అక్కడివారందరికీ విషయం అర్థమైపోతుంది. అందుకే ఇద్దరికీ సంబంధం లేని మూడో సంఘంలో అభ్యర్థి ప్రసంగించే ఏర్పాటును ప్రెస్బిటరీలు చేస్తాయి. దీనిని ‘న్యూట్రల్ పల్పిట్’ అంటారు. ఇప్పుడు చాలా సంఘాల ఆరాధనలు ఇంటర్నెట్‌లో ఉంటున్నాయి కనుక ముందుగా వాటిని చూడవచ్చు. అయితే అభ్యర్థి తానే ఎంచి పంపిన ప్రసంగం ఒక్కటీ విని తృప్తిపడకండి, ఏదో ఒక మామూలు ఆదివారం నాటిది కూడా వినండి.

ముఖాముఖిలో అభిప్రాయాలకన్నా జరిగిన పనుల గురించి అడగడం మంచిది. ‘సంఘంలో వివాదం వస్తే ఎలా పరిష్కరిస్తారు’ అని అడిగితే పుస్తకంలోని జవాబు వస్తుంది. ‘మీ సంఘంలో ఈమధ్య వచ్చిన ఒక వివాదం చెప్పండి, అప్పుడు మీరేం చేశారు, ఇప్పుడైతే ఏం చేసేవారు’ అని అడిగితే మనిషి కనిపిస్తాడు. అభ్యర్థి మిమ్మల్ని అడగడానికి కూడా అంతే సమయం ఇవ్వండి. మీ బడ్జెట్ గురించీ, ముందటి పాస్టర్ వెళ్లిన కారణం గురించీ ఒక్క ప్రశ్నయినా అడగని అభ్యర్థి విషయంలో నేనైతే కొంచెం ఆలోచిస్తాను. ఇక వాకబు. అభ్యర్థి ఇచ్చిన పేర్లతో ఆగకుండా, ఆయన అనుమతితో మరికొందరితోనూ మాట్లాడాలి. ఆయన ఉన్న ప్రెస్బిటరీనుంచి సమాచారం తెప్పించుకోవాలి. నేర చరిత్ర తనిఖీ జరిపించాలి. అభ్యర్థి మీద మక్కువ పెంచుకున్నాక, మొక్కుబడిగా చివరి వారంలో ఫోన్లు చేసే కమిటీలకు వినవలసిన మాట వినిపించదు. అభ్యర్థుల యోగ్యత, మీ సంఘానికి వారి తగినతనం, వారు రాగల అవకాశం గురించి ప్రెస్బిటరీ చెప్పే సలహాను సంఘానికి నివేదిక ఇచ్చే ముందే స్వీకరించి ఆలోచించడం కమిటీకి విధి.

‘మగవారే కావాలి’ అన్న పట్టుదలకు ఈ సంఘంలో చోటు లేదు. దీని పూర్వ శాఖలలో ఒకటి 1956లోనే స్త్రీలకు పాస్టర్లుగా అభిషేకం ఇవ్వడం ప్రారంభించింది, అమెరికా దక్షిణాది శాఖ 1964లో అందుకు ఆమోదం తెలిపింది; ఆ రెండు పాయలూ 1983లో ఏకమై నేటి సంఘం ఏర్పడింది. జాతి, వయసు, లింగం, వైకల్యం వంటివి ఎవరినీ దూరం పెట్టడానికి కారణం కాకూడదని బుక్ ఆఫ్ ఆర్డర్ చెబుతుంది. 1973లో విడిగా ఏర్పడిన ప్రెస్బిటేరియన్ చర్చ్ ఇన్ అమెరికాలో మాత్రం పురుషులకే అభిషేకం ఉంది కనుక, రెండు సంఘాలనూ ఎరిగినవారు వీటిని కలగలిపి మాట్లాడుతుండవచ్చు. పెళ్లి, పిల్లల మాటకొస్తే, భార్య ఆదివారపు బడి నడపాలి, పియానో కూడా వాయించాలి అన్న ఆశ చాలా కమిటీల మనసులో దాగి ఉంటుంది. మీరు పిలుస్తున్నది ఒక్కరిని, జీతం ఇచ్చేదీ ఆ ఒక్కరికే.

ప్రశ్న: మా మధ్యంతర పాస్టర్ ఎంతో బాగా చేస్తున్నారు. ఆయననే ఉంచుకోకుండా వెదుకులాట ఎందుకు?

జవాబు: తాత్కాలిక సంబంధంలో ఉన్న సేవకులు సాధారణంగా అదే సంఘానికి తదుపరి స్థిర పాస్టర్ కాకూడదన్నది నియమం, సహాయ పాస్టర్‌కూ ఇదే వర్తిస్తుంది. విశేష పరిస్థితులలో ప్రెస్బిటరీ తన సభలో నాలుగింట మూడు వంతుల ఓటుతో మినహాయింపు ఇవ్వవచ్చు గాని, దానిని ఆశించి కూర్చోవడం తగదు. మధ్యంతర పాస్టర్ మీకు అప్రియమైన నిజాలు చెప్పగలుగుతున్నారంటే, ఆయనకు మీ ఓటు అక్కరలేకపోవడమే అందుకు కారణం. ఆయన కూడా అభ్యర్థి అయితే ఆ స్వేచ్ఛ పోతుంది. పైగా ఫలితం ముందే తేలిపోయిందనిపించే చోటికి తగినవారు మరెవరూ దరఖాస్తు పెట్టరు.

ప్రశ్న: కమిటీ చివరికి ఒకే ఒక్క పేరు తెచ్చి మా ముందు పెడుతుందట. ఇద్దరు ముగ్గురిని చూపించి ఎన్నుకోమనకుండా ఒక్కరికి అవునో కాదో చెప్పమంటే అది ఎన్నిక ఎలా అవుతుంది?

జవాబు: ఈ ప్రశ్న వెనుక పెద్ద చరిత్రే ఉంది కనుక కాస్త వివరంగా చెబుతాను. స్కాట్లండ్‌లో 1712లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టం వల్ల పాస్టర్‌ను ప్రతిపాదించే హక్కు తిరిగి ఆ ప్రాంతపు భూస్వాముల వంటి పోషకుల చేతికి వెళ్లింది. సంఘం సంతకాలు చేసే పిలుపు పత్రం పేరుకు మాత్రం మిగిలింది. 1834లో స్కాట్లండ్ సంఘమంతటికీ ప్రతినిధి సభ అయిన మహాసభ, కుటుంబ యజమానులలో అధిక సంఖ్యాకులు వద్దన్నవారిని ప్రెస్బిటరీ తిరస్కరించాలని తీర్మానించింది. అదే ఏడాది ఆక్టరార్డర్ అనే ఊరికి రాబర్ట్ యంగ్ అనే ఆయనను పోషకుడు ప్రతిపాదించగా, 330 మంది కుటుంబ యజమానులలో 287 మంది వద్దన్నారు. పిలుపు పత్రం మీద సంతకం చేసినవారు ఇద్దరే. ప్రెస్బిటరీ ఆయనను నిరాకరించింది. వ్యాజ్యం నడిచి 1839లో ప్రభువుల సభ (హౌస్ ఆఫ్ లార్డ్స్) ఆ నిరాకరణ చట్టవిరుద్ధమని తీర్పు చెప్పింది. వివాదం ముదిరి 1843 మే 18న ఎడింబరోలో సేవకులు మహాసభనుంచి లేచి బయటికి నడిచారు, థామస్ చామర్స్ అధ్యక్షతన స్వతంత్ర సంఘం (ఫ్రీ చర్చ్) ఏర్పడింది. స్కాట్లండ్ సంఘ సేవకులలో దాదాపు మూడో వంతు మంది తమ జీతాలనూ ఇళ్లనూ వదులుకుని అందులో చేరారు. పోషకుల హక్కును పార్లమెంటు రద్దు చేసింది 1874లో.

అందువల్ల ఒక్క పేరు మీద ఓటు అన్నది తక్కువదేమీ కాదు. ‘వద్దు’ అనగల హక్కు కోసమే ఆ పోరాటమంతా జరిగింది. మీ విషయంలో ఆ పేరు తెచ్చేది భూస్వామి కాదు, మీరే ఎన్నుకున్న కమిటీ. ఇద్దరిని వరుస ఆదివారాలలో ప్రసంగింపజేసి ఓటు పెడితే ఏమవుతుందో ఊహించండి. నెలల తరబడి జరిగిన వాకబు, సంభాషణ, ప్రార్థన అన్నీ పక్కకు పోయి ఒక్క గంట ప్రసంగమే తీర్పు అవుతుంది, సంఘం ఇద్దరి పక్షాలుగా చీలుతుంది, ఓడినవారు తమ సంఘానికి తిరిగి వెళ్లి తలెత్తుకోవడం కష్టమవుతుంది. స్కాట్లండ్ సంఘంలో కూడా నేడు నామినేటింగ్ కమిటీ ఒకే అభ్యర్థిని సంఘం ముందుకు తెస్తుంది.

ఓటు జరిగే తీరు ఇది. కమిటీ తన నిర్ణయాన్ని సెషన్‌కు తెలియజేయగా, సెషన్ ముందస్తు ప్రకటన ఇచ్చి సంఘ సభను పిలుస్తుంది. సాధారణంగా అభ్యర్థి ఆ ఉదయం ప్రసంగించి, ఓటు సమయంలో బయటికి వెళ్లిపోతారు. సభకు హాజరైన క్రియాశీల సభ్యులు ఓటు వేస్తారు; రాలేనివారి బదులు మరొకరు వేయడం కుదరదు. జీతభత్యాల షరతుల మీద కూడా ఆ సభే ఓటు వేస్తుంది. లెక్కకు సగానికి ఒక్క ఓటు ఎక్కువైనా గెలుపే గాని, అంత చీలిన సంఘానికి రావడానికి ఇంగితమున్న పాస్టర్ ఒప్పుకోరు. ప్రెస్బిటేరియన్ చర్చ్ ఇన్ అమెరికా నియమావళిలో ఈ సంగతి స్పష్టంగానే ఉంది: పెద్ద సంఖ్యలో అల్పసంఖ్యాకులు వ్యతిరేకంగా ఉండి, ఎంత చెప్పినా సమ్మతించనప్పుడు, ముందుకు వెళ్లవద్దని అధిక సంఖ్యాకులకు నచ్చజెప్పడానికి మోడరేటర్ ప్రయత్నించాలి. మీకు అభ్యంతరం ఉంటే సభలో లేచి కమిటీని కారణాలు అడగండి; జవాబు తృప్తినివ్వకపోతే ‘వద్దు’ అని ఓటు వేయండి, అందులో తప్పేమీ లేదు. సంఘం కాదంటే కమిటీ పని మళ్లీ మొదలవుతుంది.

సంఘం అవునన్నా ఇంకా పూర్తి కాదు. ఆ పిలుపును ప్రెస్బిటరీ ఆమోదించాలి. ఆ తరువాత ప్రెస్బిటరీ ఏర్పరచిన బృందం, కొత్త పాస్టర్‌ను పదవిలో నిలిపే ప్రతిష్ఠా ఆరాధన జరుపుతుంది. అందులో పాస్టర్‌తో పాటు సంఘానికి కూడా ప్రశ్నలు వేస్తారు: ఈయనను మా పాస్టర్‌గా స్వీకరిస్తామని, ప్రోత్సహిస్తామని, తగిన జీతం ఇస్తామని సభ్యులు అందరి ఎదుట ఒప్పుకోవాలి.

ప్రశ్న: ఆదివారం అరవైమందిమి వస్తాం. పూర్తికాలపు పాస్టర్‌కు జీతం ఇచ్చే స్తోమత మాకు లేదనిపిస్తోంది. కమిటీని ఎన్నుకోవడం వృథాయేనా?

జవాబు: ముందు లెక్క చూసుకోండి. ప్రతి ప్రెస్బిటరీ కనీస జీతాన్ని నిర్ణయిస్తుంది, పిలుపు షరతులు దానికి తగ్గకూడదు. పింఛను, వైద్య సౌకర్యం ఉన్న సంఘ ప్రయోజనాల పథకంలో పాస్టర్‌ను చేర్చడం తప్పనిసరి. సంఘం ఇంటినైనా ఇస్తుంది, లేదా నివాస భత్యమైనా ఇస్తుంది; అమెరికా ఆదాయపు పన్ను చట్టంలో దానికి పరిమితులతో కూడిన మినహాయింపు ఉంది. అయితే సామాజిక భద్రతా పన్ను విషయంలో పాస్టర్లను స్వయం ఉపాధి పొందేవారిగానే లెక్కిస్తారు కనుక, మామూలు ఉద్యోగికి యజమాని కట్టే సగం కూడా వారి మీదే పడుతుంది. ఈ భారాన్ని సంఘాలు తరచు మరచిపోతాయి. ఇవన్నీ కలిపిన మొత్తాన్ని వచ్చే అయిదేళ్ల కానుకలతో పోల్చండి, ఈ ఏడాది ఒక్కదానితోనే కాదు.

మొత్తం అందనంత ఉంటే మీరు ఒంటరివారు కారు. 1983లో 31 లక్షలకు పైగా సభ్యులున్న ఈ సంఘంలో 2023 నాటికి దాదాపు 11 లక్షలమందే మిగిలారు. చిన్న సంఘాలు ఎన్నో ఇదే లెక్క వేసుకుంటున్నాయి. పాక్షికకాలపు పిలుపు ఇవ్వవచ్చు, మరొక సంఘంతో కలిసి ఒకే పాస్టర్‌ను పంచుకోవచ్చు, లేదా తగిన శిక్షణ పొందిన సంఘ పెద్దను ప్రెస్బిటరీ మీకు నియమించవచ్చు. అప్పుచేసి రెండేళ్లు పూర్తికాలపు పాస్టర్‌ను పోషించి మూడో ఏట పంపేయడం కన్నా, వారానికి ఇరవై గంటలని ముందే చెప్పి ఆ ఇరవై గంటలకే పరిమితం కావడం ఆయనపట్ల న్యాయం. ఇరవై గంటల జీతానికి నలభై గంటల పని ఆశించే సంఘాలు ఉన్నాయి, అందుకే ఏ పని పాస్టర్‌ది, ఏ పని సభ్యులది అన్నది షరతులలోనే రాసుకోండి.

ప్రశ్న: మా అమ్మాయికి బాప్తిస్మం ఇచ్చినది పాత పాస్టర్ గారు. వచ్చే ఏడాది ఆమె వివాహం కూడా ఆయన చేతుల మీదుగానే జరగాలని మా కోరిక. కొత్త పాస్టర్ వచ్చాక పాతవారిని పిలవకూడదంటున్నారు. నిజమేనా?

జవాబు: పిలవకూడదని కాదు, మీరు నేరుగా పిలవకూడదు. సంబంధం ముగిసిన తరువాత పూర్వపు పాస్టర్, సెషన్ మోడరేటర్ ఆహ్వానం లేకుండా ఆ సంఘ సభ్యులకు పరిచర్య చేయరాదని నియమం. వివాహాలు, సమాధి ఆరాధనలు, ఆసుపత్రి దర్శనాలు అన్నీ పాతవారే చేస్తుంటే కొత్తవారికి కుటుంబాలతో పరిచయం ఏర్పడే సందర్భాలే ఉండవు. కొత్త పాస్టర్ ప్రతిష్ఠ అయ్యాక మోడరేటర్ ఆయనే కనుక ఆహ్వానం ఆయననుంచే వెళ్లాలి. చాలామంది పాస్టర్లు ఇలాంటి సందర్భంలో ఆరాధనను ఇద్దరూ కలిసి జరిపేందుకు సంతోషంగా ఒప్పుకుంటారు. పాత పాస్టర్ గారికి మీరు ముందే ఫోన్ చేసి మాట తీసుకుంటే మాత్రం ఇద్దరినీ ఇరుకున పెట్టినవారవుతారు. తేదీ ఖాయం చేసుకోకముందే కొత్తవారితో మాట్లాడండి. ఆయన ఇంకా రాకపోతే, ప్రెస్బిటరీ ఏర్పాటు చేసిన తాత్కాలిక మోడరేటర్‌కు రాయండి.